ఆరు పల్సుల కన్వర్టర్లలో హార్మోనిక్ వక్రీకరణ: నివారణ మార్గాలపై ఒక పరిశీలన

పంపులు, కంప్రెసర్ల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లలో అధికభాగం ఏకాంతర విద్యుత్తును మొదట ఆరు డయోడ్ల రెక్టిఫైయర్‌తో ఏకముఖ విద్యుత్తుగా మార్చుకుంటాయి. ఈ రెక్టిఫైయర్ సరఫరా నుంచి కరెంటును సైన్ తరంగంలా నునుపుగా కాక తునకలు తునకలుగా తీసుకుంటుంది. అటువంటి తరంగాన్ని ఫూరియే విశ్లేషణ ప్రకారం విడదీస్తే, 50 హెర్ట్జ్‌ల మూల తరంగంతోపాటు దానికి 5, 7, 11, 13 రెట్ల పౌనఃపున్యం గల తరంగాలు బయటపడతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. వీటన్నిటి సమష్టి పరిమాణానికి, మూల తరంగ పరిమాణానికి గల నిష్పత్తిని మొత్తం హార్మోనిక్ వక్రీకరణగా లెక్కిస్తారు. ఏకముఖ భాగంలో పెద్ద ఇండక్టర్ ఉన్న ఆదర్శ స్థితిలో ఇది సుమారు 31 శాతం. ఇండక్టర్ లేకుండా కెపాసిటర్ మాత్రమే ఉన్న డ్రైవ్‌లలో 80 శాతాన్ని కూడా దాటవచ్చు.

అంకెల్లో చిన్నదిగా కనిపించే హార్మోనిక్ చేసే హాని చిన్నది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలలోని ఎడ్డీ నష్టం కరెంటు వర్గానికీ, పౌనఃపున్య వర్గానికీ అనులోమంగా పెరుగుతుంది కనుక, మూల తరంగంలో 20 శాతమే ఉన్న అయిదవ హార్మోనిక్ ఒక్కటే మూల తరంగం కలిగించినంత ఎడ్డీ నష్టాన్ని అదనంగా కలిగిస్తుంది.

అయితే ఎక్కువ శ్రద్ధ అవసరమైన అంశం కన్వర్టర్ బయట ఉంది. పవర్ ఫ్యాక్టర్ మెరుగుదల కోసం అమర్చిన కెపాసిటర్ బ్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్‌తో కలిసి ఒక పౌనఃపున్యం వద్ద అనునాదం చెందుతుంది, అంటే ఆ పౌనఃపున్యపు కరెంటును అనేక రెట్లు పెంచుతుంది. 5 శాతం ఇంపెడెన్స్ గల 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 20 ఎంవీఏ. దానికి 400 కేవీఏఆర్ కెపాసిటర్లు కలిపితే ఈ రెండింటి నిష్పత్తికి వర్గమూలం 7.07, కాబట్టి అనునాదం ఏడవ హార్మోనిక్‌కు అతి సమీపాన పడుతుంది. ఆటోమేటిక్ ప్యానెల్ 800 కేవీఏఆర్ వరకు మెట్లు కలుపుకుంటూ పోతే అదే స్థానం అయిదవ హార్మోనిక్ వద్దకు జరుగుతుంది. ఈ కారణం వల్లనే ఉదయం సజావుగా ఉన్న కెపాసిటర్ లోడు మారిన తర్వాత కాలిపోవచ్చు. అక్కడ కెపాసిటర్ నాణ్యతను మాత్రమే తప్పుపట్టడం సరికాదు. ప్రతి కెపాసిటర్‌కూ 7 శాతం రియాక్టర్‌ను శ్రేణిలో కలిపితే ఆ శాఖ 189 హెర్ట్జ్ వద్ద శ్రుతి అవుతుంది. దానికి పైనున్న అయిదవ, ఏడవ హార్మోనిక్స్‌కు అది ఇండక్టర్‌గానే కనిపిస్తుంది గనుక అనునాదానికి తావుండదు. సింగిల్ ఫేజ్ లోడ్లు అధికమై మూడవ హార్మోనిక్ బలంగా ఉన్నచోట మాత్రం 14 శాతం రియాక్టర్ అవసరమవుతుంది.

ఈ ఏర్పాటు ప్రమాదాన్ని తప్పిస్తుందే తప్ప హార్మోనిక్స్ పుట్టుకను ఆపదు. పుట్టుకను తగ్గించే మార్గాలలో లైన్ రియాక్టర్ అత్యంత చవకైనది. పెద్ద డ్రైవ్‌లకు పన్నెండు పల్సుల అమరిక మేలు: స్టార్, డెల్టా సెకండరీల మధ్యనున్న 30 డిగ్రీల తేడా వల్ల రెండు రెక్టిఫైయర్ల అయిదవ, ఏడవ హార్మోనిక్స్ ప్రైమరీలో పరస్పరం రద్దయి, ఆదర్శ వక్రీకరణ 31 నుంచి సుమారు 15 శాతానికి దిగుతుంది. రెండు రెక్టిఫైయర్లు లోడును సమంగా పంచుకోకపోతే ఈ రద్దు అసంపూర్ణమవుతుంది. డయోడ్లకు బదులు ఐజీబీటీ స్విచ్‌లను వాడి, వేగంగా మారే పల్సుల వెడల్పును నియంత్రించే యాక్టివ్ రెక్టిఫైయర్ వక్రీకరణను 5 శాతం కంటే దిగువకు తేగలదు. స్విచ్చింగ్ నష్టాలు, అదనపు ఎల్‌సీఎల్ ఫిల్టర్ దానికి చెల్లించే మూల్యం. బ్రేకు వేసినప్పుడు శక్తిని తిరిగి సరఫరాకు పంపే లిఫ్టులు, క్రేన్లలో ఈ వ్యయం సమర్థనీయమే కాని, నిరంతరం ఒకే దిశలో నడిచే పంపుకు సాధారణంగా కాదు.

ఐఈఈఈ 519 ప్రమాణం పరిమితులను ఒక్కొక్క యంత్రానికి కాక, వినియోగదారుడు సరఫరాతో కలిసే చోట విధిస్తుంది. 1 కిలోవోల్ట్‌కు మించి 69 కిలోవోల్ట్‌ల వరకు వోల్టేజి వక్రీకరణ అక్కడ 5 శాతం దాటరాదు. కనుక డ్రైవ్‌లు కొనే సంస్థలు ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్‌ను, ప్రతి కెపాసిటర్ మెట్టునూ లెక్కలోకి తీసుకున్న హార్మోనిక్ అధ్యయనాన్ని కొనుగోలు ఒప్పందంలోనే తప్పనిసరి చేయాలి.