నడవడి నుంచి ర్యాంకు దాకా

1860 జూలైలో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ నిధితో నర్సుల బడి తెరిచారు. మొదటి జట్టులో చేరింది 15 మంది. వయసు పాతికకు తగ్గకూడదు, ముప్పై అయిదు దాటకూడదు. చదువు సంగతి ఎలా ఉన్నా, నడవడి మంచిదని సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకోవాల్సిందే. చేరాక కూడా ఆ తనిఖీ ఆగేది కాదు. మేట్రన్ వార్డ్‌రోపర్ ఒక్కొక్కరి పేరిట నెలనెలా ఒక పట్టీ నింపేవారు. అందులో ఒక పక్క పుండ్లకు కట్లు కట్టడం వంటి పనుల లెక్క, మరో పక్క నడవడి లెక్క: వేళకు వస్తుందా, నెమ్మదిగా మసలుతుందా, నమ్మదగిన మనిషేనా, ఒళ్లూ బట్టా శుభ్రంగా ఉంచుకుంటుందా. ప్రతి గడిలోనూ 'చాలా బాగు' నుంచి సున్నా దాకా ఏదో ఒకటి వేయాలి.

ఇంత పట్టింపుకు కారణం ఉంది. అప్పటి ఇంగ్లండులో రోగుల దగ్గర కూలికి ఉండే ఆడమనిషి అంటే తాగుతుందనీ, మాట నిలకడ లేనిదనీ జనంలో పేరు. డికెన్స్ తన 'మార్టిన్ చజిల్‌విట్'లో సేరీ గ్యాంప్ అనే పాత్రతో ఆ పేరును ఊరూరా చాటాడు. ఆ మచ్చ పోగొట్టాలంటే ముందు వడపోత గట్టిగా ఉండాలని నైటింగేల్ లెక్క. అప్పటి నుంచి ఇప్పటి దాకా నర్సింగ్ దరఖాస్తులో ఏ గడి ముందుంటుందో చూస్తే చాలు, ఆ కాలం నర్సు నుంచి ఏం కోరుకుందో తెలిసిపోతుంది.

మన దేశంలో సమస్య వేరు. ఇక్కడ నడవడి కాగితం అడగడానికి అసలు దరఖాస్తు పెట్టేవాళ్లేరీ? మద్రాసు ప్రభుత్వం 1854లోనే మంత్రసానుల శిక్షణకు ఒప్పుకుంది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఇంగ్లండు నర్సుల ఆధ్వర్యంలో నర్సుల శిక్షణ మొదలైంది. మొదట తీసుకున్నది కొత్తవాళ్లను కాదు, అప్పటికే మంత్రసాని పని నేర్చినవాళ్లను. పరాయి ఒంటిని తాకడం, నెత్తురూ మలమూ ఎత్తడం పై కులాల ఇళ్లలో మైల. మగవాళ్ల వార్డులో రాత్రి కాపలా అంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే చాలాకాలం ఈ పనికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, దిక్కులేని వితంతువులు. ఆసుపత్రికి నర్సమ్మ కావాలి, ఇంటి ఆడపిల్ల మాత్రం నర్సమ్మ కాకూడదు అన్న తీరు మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా ఉంది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది.

గుంటూరులో ఈ కథ మిషన్ ఆసుపత్రితో ముడిపడింది. అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె పూనికతో 1898లో ఆసుపత్రి లేచింది. ఊళ్లో దాన్ని ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. అమెరికాలో శిక్షణ పొందిన నర్సు కేథరిన్ ఫాస్ ఆమెకు తోడయ్యారు. డాక్టరమ్మలను సముద్రాలు దాటించి తేవచ్చు, వార్డు నిండా నర్సులను తేలేరు గదా. మిషన్ బోర్డింగ్ స్కూళ్లలో నాలుగక్షరాలు నేర్చిన తెలుగు పిల్లలే దిక్కు. ఆ పిల్లల దరఖాస్తు అంటే అచ్చు ఫారం కాదు, పాస్టరు గారో హెడ్‌మిస్ట్రెస్సో రాసిచ్చిన ఉత్తరం. లండన్ పద్ధతే ఇక్కడా నడిచింది: నీకేం వచ్చు అన్నది తర్వాత, నీ గురించి ఎవరు చెబుతారు అన్నది ముందు.

1926లో మద్రాసు రాష్ట్రం నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్‌కు చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. పేరు రిజిస్టరులోకి ఎక్కాలంటే ఇంత శిక్షణ ఉండాలి, ఇదిగో ఈ పరీక్ష నెగ్గాలి అన్న కొలతలు అక్కణ్నుంచి బిగిశాయి.

బిగిసినా మనుషులు చాల్లేదు. స్వాతంత్ర్యానికి ముందు సర్ జోసెఫ్ భోర్ కమిటీ దేశమంతా లెక్కలు తీస్తే తేలింది సుమారు 7,000 మంది నర్సులు, అంటే 43,000 మందికి ఒక్కరు. డాక్టర్లయినా 6,000 మంది చిల్లరకు ఒకరున్నారు. ఆ నివేదిక వచ్చిన 1946లోనే రెండు చోట్ల నర్సింగ్‌కు తొలిసారి యూనివర్సిటీ తలుపు తెరుచుకుంది. ఒకటి ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద ఢిల్లీ నర్సింగ్ కళాశాల. తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరు దానికి తర్వాత వచ్చింది. రెండోది మద్రాసు విశ్వవిద్యాలయం కింద వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. ఐడా స్కడ్డర్ ఆసుపత్రిలో 1909 నుంచి నడుస్తున్న నర్సుల బడే అక్కడ డిగ్రీ స్థాయికి ఎదిగింది. నాలుగేళ్ల బీఎస్సీ అనగానే దరఖాస్తు రూపు మారింది. పాస్టరు ఉత్తరం పక్కన మార్కుల పట్టీ వచ్చి కూర్చుంది. వేలూరు మాత్రం రెండింటినీ వదల్లేదు. చర్చిల స్పాన్సర్‌షిప్పూ, ముఖాముఖీ అక్కడి ఎంపికలో చాలాకాలం భాగమే.

1947 చివర్లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే ప్రమాణం అన్నారు. ఇక్కడే అసలు చిక్కు. ప్రమాణం పెంచినకొద్దీ అర్హత ఉన్న ఆడపిల్లలు తగ్గుతారు. పల్లెల్లో ఎస్సెస్సెల్సీ దాకా వచ్చిన పిల్లే అరుదు, వచ్చిన పిల్లను నర్సింగ్‌కు పంపే తండ్రి ఇంకా అరుదు. కేరళలో క్రైస్తవ కుటుంబాల పిల్లలకు బడి చదువు ముందే అందింది కాబట్టి దేశంలో ఏ ఆసుపత్రికి వెళ్లినా మలయాళీ సిస్టరే కనిపించేది.

ఈ ముడిని విప్పే ప్రయత్నం చేసిన వాళ్లలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు. చిన్నప్పుడే పెళ్లయి, ఆ పెళ్లి వదిలించుకుని, ఆలస్యంగా బనారస్ మెట్రిక్ కట్టి పైకి వచ్చిన మనిషి ఆవిడ. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తనలాగే చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను మెట్రిక్‌కు కూర్చోబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యాక, 1958లో అదే పనిని దేశమంతటికీ 'కండెన్స్‌డ్ కోర్సు'గా పంచారు. పెద్దవయసు స్త్రీలకు కొన్నేళ్ల చదువును తక్కువ కాలంలో చెప్పి పరీక్షకు పంపడం దాని పద్ధతి. టీచర్లు, నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు కావాలంటున్నారు, అర్హతున్న ఆడవాళ్లు లేరంటున్నారు, మరి వాళ్లను తయారు చేయొద్దా అన్నదే ఆవిడ వాదన. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు దరఖాస్తు ఫారంలో 'విద్యార్హత' గడి నింపగలిగింది ఇలాంటి దారుల వల్లే.

1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టాక, ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ డిగ్రీలు దాని గొడుగు కిందికి చేరాయి. చాలా ఏళ్లు సీటు ఇంటర్ బైపీసీ మార్కుల మీదే వచ్చేది. ఎంబీబీఎస్ తప్పిపోయిన పిల్ల బీడీఎస్, వెటర్నరీ, అగ్రికల్చర్ అన్నీ చూసుకుని, చివర్లో నర్సింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టడం మామూలైంది. కౌన్సెలింగ్ హాల్లో ప్లాస్టిక్ కవరు విప్పితే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, టీసీ వరసగా ఉంటాయి. అడుగున కాండక్ట్ సర్టిఫికెట్. వార్డ్‌రోపర్ కాలంలో అన్నిటికంటే పైన ఉన్న కాగితం అది. ఇప్పుడు 'గుడ్' అని రాయని ప్రిన్సిపాల్ లేడు, చదివే గుమస్తా లేడు.

2021లో నర్సింగ్ కౌన్సిల్ కొత్త నిబంధనలు తెచ్చింది. బీఎస్సీకి 17 ఏళ్లు నిండాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిషు పాసవ్వాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ మార్కుల స్థానంలోకి ప్రవేశ పరీక్ష ర్యాంకు వచ్చింది. 2023లో పార్లమెంటు పాత కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది.

ఇంత మారినా పెళ్లి సంగతి అడిగే గడి మాత్రం సైన్యంలో మిగిలింది. మిలిటరీ నర్సింగ్ సర్వీసు బీఎస్సీకి ఇప్పుడు నీట్ స్కోరుతో పిలుస్తున్నారు. సీట్లు 220, ఆడపిల్లలకే. ప్రకటనలో పెళ్లి కానివారు, విడాకులు తీసుకున్నవారు, చట్టప్రకారం విడిపోయినవారు, బాధ్యతలు లేని వితంతువులు అర్హులని ఉంటుంది. అదే సర్వీసులో ట్రైనీగా చేరి, 1985లో సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో లెఫ్టినెంటుగా కమిషన్ పొందిన ఒక నర్సు 1988లో పెళ్లి చేసుకుంటే, ఆ కారణం మీదే ఉద్యోగం తీసేశారు. అప్పటి నియమం 1977 నాటిది, 1995లో రద్దయింది. ఆమె కేసు మాత్రం సాగుతూనే పోయింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు లింగ వివక్షేనని తేల్చి, ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించమని కేంద్రాన్ని ఆదేశించింది.