లంబాలైన్ తెలుగువారు: తిండి, ఓపిక, మనసు

లంబాలైన్ దక్షిణ అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) విమానాశ్రయం పక్కనున్న పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం దానిదే. వీరిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఉన్నాయి. తిండికీ ఓపికకీ ఉన్న ముడిని వైద్యులు తొలినాళ్లలో గమనించిన చోట్లలో ఆ తీరం ఒకటి.

ఆ తీరం ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరుబడ్డాయి. నీరసం, కాళ్ల తిమ్మిర్లు, నాలుగడుగులకే ఆయాసం, చిరాకు దాని లక్షణాలు. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో దీనిపై గ్రంథం వెలువరించాడు. అసలు కారణం తరువాతి శతాబ్దంలో తేలింది. పచ్చి బియ్యాన్ని మరపట్టి తెల్లగా చేస్తే తవుడుతో పాటు థయమిన్ (బి1) పోతుంది. పదేపదే కడిగి, గంజి వార్చేస్తే మిగిలిన కాస్తా పోతుంది. తిన్న పిండిపదార్థం శక్తిగా మారాలంటే ఆ విటమిన్ తప్పనిసరి. కడుపునిండా అన్నం తిన్నవాడు ఓపిక లేక కూలబడటం అందుకే. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఉడకబెట్టినప్పుడు థయమిన్ గింజలోపలికి ఇంకుతుంది.

బెరిబెరి పరిశోధన కోసం 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగమే పెరిగి, 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్నే ప్రధానాహారమైన పేదల్లో కనిపించే పెల్లాగ్రాను సి.గోపాలన్ బృందం ఇక్కడ పరిశీలించింది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడటంతో పాటు నిద్రలేమి, దిగులు, మతి చెదరడం ఆ రోగంలో ఉంటాయి. నయాసిన్ అనే విటమిన్ ఇస్తే తేరుకుంటారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే కారణమన్న ఆ బృందం వాదం మీద చర్చ మాత్రం తెగలేదు.

అలాగని ప్రతి దిగులూ విటమిన్ లోపం కాదు. 2017లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక ప్రయోగంలో కుంగుబాటు ఉన్న 67 మందిలో కొందరికి 12 వారాలు కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా ఉండే తిండి అలవాటు చేయించారు. వారిలో 32 శాతం కోలుకున్నారు, తిండి మార్పు లేకుండా కబుర్ల తోడు మాత్రమే అందిన బృందంలో 8 శాతమే. చిన్న ప్రయోగం కాబట్టి ఆశ కలిగించేదే తప్ప తుది తీర్పు కాదు.

దీవుల్లో చేపకు కొదవ లేదు. కూరగాయల్లో చాలావరకు ఓడల మీద రావాలి, సముద్రం బాగోకపోతే ధర పెరుగుతుంది. అప్పుడు కంచంలో అన్నం కుప్ప పెరిగి కూర తగ్గుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో రోజుకు ధాన్యం 250 గ్రాములైతే కూరగాయలు 400 గ్రాములు. మన కంచం దీనికి తలకిందులు. ఉత్తరాంధ్ర తాతల చోడి (రాగి) అంబలిని పేదల తిండని వదిలేయడం తెలివైన పని కాదు.

ఓపిక, మనసుల విషయంలో తిండితో పాటు నిద్ర సంగతీ ఉంది. భారత ప్రామాణిక కాలరేఖ కాకినాడ దగ్గరగా వెళ్తుంది. పోర్ట్‌బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉండటంతో సూర్యుడు దాదాపు 40 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. జూన్‌లో ఐదింటికే వెలుగు, డిసెంబరులో సాయంత్రం ఐదుకే చీకటి. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసేవారికి ఇక్కడ నిద్ర రెండు వైపులా తరుగుతుంది.

దిగులు వారాల తరబడి వీడకపోతే తిండి మార్పు ఒక్కటే చాలదు, వైద్యుణ్ణి కలవాలి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది.