పుష్పగంధవాయువు: గంజాయి పరాగం, ప్రతిశ్యాయం, నెల్లూరు తీరం

‘గంజాయి తోటలో తులసి మొక్క’ అనే నానుడి ఎరుగని తెలుగువారు ఉండరు. దుర్జనుల నడుమ జన్మించిన సజ్జనుని గూర్చి ఆ మాట వాడుకలో ఉన్నది. నీతిని పక్కన ఉంచి కేవలం వృక్షధర్మాన్ని పరిశీలించినా ఈ రెండింటి స్వభావభేదం గొప్పది. తులసి పుష్పం తేనెటీగను ఆశ్రయిస్తుంది. దాని పరాగం జిగురుగలది, గాలిలో దూరం పోదు. గంజాయి వాయువునే ఆశ్రయిస్తుంది. దానిలో స్త్రీ పురుష భేదం వేర్వేరు మొక్కలలో ఉంటుంది. పోతుతాడి, పెంటితాడి అని తాటిచెట్లను విడదీసి పిలిచే తీరవాసులకు ఈ సంగతి వింత కాదు. పోతుమొక్క పుష్పించినప్పుడు వెలువడే పరాగం లెక్కకు అందదు. అది పొడివంటి తేలికైన రజస్సు. మొరాకో పర్వతసీమలోని గంజాయి చేల పరాగం మధ్యధరా సముద్రాన్ని దాటి స్పెయిన్ దేశపు మాలాగా నగరంలో వాయుపరిశీలకుల పరికరాలకు చిక్కింది. ఆ సూక్ష్మరజస్సుకు సముద్రమే అడ్డు కానప్పుడు ఇంటి ప్రహరీగోడ అడ్డు కాజాలదు.

ఈ విషయంలో ఆయుర్వేదశాస్త్రం మౌనంగా లేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం ఋతుచర్యను బోధిస్తుంది. అందులో ఋతువికారాలను చెప్పే సందర్భంలో ఆచార్యుడు ఒక విశేషాన్ని నిరూపించాడు. విషౌషధుల పుష్పగంధాన్ని మోసుకొని వచ్చిన గాలి ఏ దేశాన్ని ఆక్రమిస్తుందో, ఆ దేశంలోని జనులు తమ దోషప్రకృతులతో నిమిత్తం లేకుండా కాసం, శ్వాసం, వాంతి, ప్రతిశ్యాయం, శిరోవేదన, జ్వరం అనే బాధలకు లోనవుతారని దాని తాత్పర్యం. ఉత్తరతంత్రంలో ప్రతిశ్యాయానికి సద్యోనిదానాలు చెప్పినప్పుడు ధూమాన్నీ, రజస్సునూ పక్కపక్కనే పేర్కొన్నాడు. కల్పస్థానంలో పుష్పవిషాలు అయిదని వేరుగా లెక్కించాడు.

దీనిని పట్టుకొని నేటి అలర్జీని సుశ్రుతుడే కనుగొన్నాడని ప్రకటించడం అత్యుత్సాహమే అవుతుంది. అలర్జీ లక్షణం వ్యక్తిభేదం. ఒకే తోటలో పదిమంది పనిచేస్తే ఇద్దరికే తుమ్ములు వస్తాయి. సుశ్రుతుడు చెప్పినది దేశమంతటినీ పట్టే ఉపద్రవం. వ్యక్తిభేదాన్ని వివరించడానికి సాత్మ్యం, అసాత్మ్యం అనే చరకుని విచారణ ఎక్కువ ఉపకరిస్తుంది. అయినప్పటికీ పుష్పం, దానిని మోసే గాలి, ముక్కు, ఊపిరి అనే నాలుగింటిని ఒకే సూత్రంలో కట్టిన దృష్టి అసామాన్యమైనది. పాశ్చాత్యదేశంలో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు తన రోగాన్నే వర్ణించినది 1819లో. పరాగమే దానికి కారణమని మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ ప్రయోగపూర్వకంగా గ్రంథస్థం చేసినది 1873లో. అలర్జీ అనే పదాన్ని వియన్నా వైద్యుడు పిర్కే సృష్టించినది 1906లో.

ఇక గంజాయి. అథర్వవేదం పదునొకండవ కాండంలో సోమం, దర్భ, యవలతో పాటు భంగ అనే ఓషధి ప్రస్తావన కలదు. అది ఈ మొక్కేనా అనే విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. మాదకౌషధంగా దీని స్పష్టమైన వర్ణన చరకసుశ్రుతులలో దొరకదు, తరువాతి గ్రంథాలలోనే లభిస్తుంది. శార్ఙ్గధరుడు వ్యవాయి ద్రవ్యానికి, అనగా జీర్ణం కాకముందే దేహమంతా వ్యాపించే ద్రవ్యానికి, భంగను ఉదాహరణంగా చూపాడు. విజయ అనే నామం ఔషధనిఘంటువులలో ప్రసిద్ధమైనది. శివునికి ప్రియమైనదనే లోకోక్తిని ఆశ్రయించి దీనిని విచ్చలవిడిగా సేవించేవారికి ఈ గ్రంథాలలో ఏ అండా లేదు. అక్కడ శోధన ఉన్నది, మాత్ర ఉన్నది, అధికారి ఉన్నాడు.

తెలుగు తీరంలో ఈ పంట చరిత్ర బాపట్ల ప్రాంతంతో ముడిపడి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం చివర మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేరొందిన చోట్లు ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు, నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు. ప్రభుత్వపత్రాలలో దీనిని దగ్గుపాడు అని వ్రాశారు. (పేరులో దగ్గు ఉన్నదని కాసరోగంతో ముడిపెట్టడం వినోదానికే తప్ప విచారణకు పనికిరాదు.) అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. అనగా ఆ తోటలు నాటి నెల్లూరు జిల్లా ఉత్తరపు పొలిమేరకు చేరువలో పెరిగినవే.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం భారత గంజాయి విచారణసంఘాన్ని నియమించింది. అది 1,193 మంది సాక్షుల వాంగ్మూలాలు స్వీకరించి మరుసటి సంవత్సరం బృహన్నివేదికను సమర్పించింది. సాగు పద్ధతులను ఆ సంఘం సవిస్తరంగా నమోదు చేసింది. అన్నిటిలో మర్మం ఒక్కటే. పోతుమొక్క పరాగం సోకిన పెంటిమొక్క విత్తనం పట్టి మత్తుగుణంలో క్షీణిస్తుంది. కనుక పోతుమొక్కలు పుష్పించకముందే వాటిని గుర్తించి పెరికివేయాలి. ఈనాడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో ఈ పనికి ప్రత్యేకనిపుణుడు ఉండేవాడు. ఆంగ్లపత్రాలు అతనిని గంజాయి డాక్టరు అని పిలిచాయి. వర్షాంతంలో నాటిన చేనులోకి కార్తికమాస ప్రాంతంలో ప్రవేశించి, ప్రతి మొక్క కణుపును పరీక్షించి, పురుషలక్షణం కనబడినదానిని విరిచివేస్తూ పోవడమే అతని వృత్తి. ఒక్క మొక్క తప్పించుకున్నా చుట్టుపక్కల పంట చెడేది.

ఇక్కడ ఆలోచించవలసిన అంశం ఒకటి ఉన్నది. పంటను కాపాడటానికి చేసిన ఆ పని, అనుకోకుండా, పనివారి శ్వాసను కూడా కాపాడింది. పోతుమొక్క విచ్చుకోకముందే తొలగితే ఆ చేనిలో పరాగమే పుట్టదు. కాని మరుసటి ఏటికి విత్తనం కావాలి. విత్తనం కావాలంటే ఎక్కడో ఒకచోట పోతుమొక్కను పుష్పించనివ్వాలి. కాబట్టి పరాగబాధ అసలు భారం పడేది విత్తనం కట్టేవాని మీద. ఉత్తమజాతిని ఎంచి సంకరం చేయాలనుకునేవాడు ఆ రజస్సును స్వహస్తాలతోనే తాకాలి, దాని నడుమనే ఊపిరి పీల్చాలి. విచారణసంఘం తన డెబ్బది ప్రశ్నలలో ఉన్మాదాన్నీ, నేరాన్నీ, రాబడినీ, పొగత్రాగేవారి శ్వాసరోగాన్నీ స్పృశించింది. తోటలో మొక్కల మధ్య తిరిగినవాని ముక్కును గూర్చి దానికి ఆసక్తి లేకపోయింది. ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు 1700లోనే జనపనార దువ్వే కార్మికుల ఎడతెగని దగ్గును వర్ణించి ఉన్నాడు. అయినా ఆ దృష్టి ఈ దేశపు తోటల వరకు రాలేదు.

నెల్లూరు తీరానికి పరాగబాధ గంజాయి వల్ల మాత్రమే వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో రైలుబండ్ల కొలిమికి వంటచెరకు కావలసివచ్చి కోరమండల తీరపు ఇసుకనేలల్లో సరుగుడు తోటలు వేయించారు. సరుగుడు కూడా వాయువును ఆశ్రయించే చెట్టే. శ్రీహరికోట 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక అయ్యేనాటికి ఆ దీవిలో యానాదుల గూడేలతో పాటు సరుగుడు తోటలు విస్తారంగా ఉండేవి. సర్కారు తుమ్మ కథ మరొకటి. 1877 ప్రాంతంలో అటవీశాఖ విదేశీ విత్తనం తెప్పించి కడప మండలంలోని కమలాపురంలో నాటించింది. అక్కడి నుండి అది చెరువుకట్టలనూ, ఉప్పునేలలనూ, బీడుభూములనూ ఆక్రమించింది. దాని పరాగం శ్వాసరోగులకు హానికరమని నేటి వైద్యులు గుర్తించారు. ఇవి రెండూ వంటచెరకు కోసం ప్రభుత్వమే తెచ్చి నాటించిన చెట్లు. సముద్రపు గాలి శుద్ధమైనదని నమ్మి ఉబ్బసరోగులు తీరానికి వచ్చి స్థిరపడటం కద్దు. ఇంటి వెనుక సరుగుడు తోట పుష్పించి ఉంటే ఆ నమ్మకం ఫలించదు.

చికిత్స విషయంలో శాస్త్రం మొదటి మాట నిదానపరివర్జనం, అనగా కారణాన్ని విడిచిపెట్టడం. సుశ్రుతుడు పుష్పగంధవాయువును చెప్పిన వెంటనే పరిహారాలను వరుసగా పేర్కొన్నాడు. శాంతికర్మ, ప్రాయశ్చిత్తం, జపం, హోమం, దానం, దేవతాగురుభక్తి అన్నీ అందులో ఉన్నాయి. వాటన్నిటికంటె ముందు నిలిపినది స్థానపరిత్యాగం. ఆ చోటు విడిచి పొమ్మనడం. జపహోమాలతోనే ఉబ్బసం మానిపోవాలని పట్టుబట్టే భక్తులు ఈ క్రమాన్ని గమనించవలసి ఉన్నది. ధూమం ప్రతిశ్యాయనిదానమని అదే ఆచార్యుడు చెప్పాడు కనుక శ్వాసరోగిని హోమకుండం పక్కన కూర్చుండబెట్టడం కూడా శాస్త్రసమ్మతం కాదు.

చోటు విడువలేనివారు ఏమి చేయాలి? ముక్కును, నోటిని వస్త్రంతో కప్పుకోవడం, గాలి వీచే వేళ తోటలో నిలవకపోవడం, బయటి నుండి రాగానే తలస్నానం చేసి వస్త్రం మార్చుకోవడం ఉపకరిస్తాయి. మన ఇండ్లలో మడి ఆచారం ఈ చివరిదానిని వేరొక హేతువుతో ఏనాడో నేర్పింది. తడిసిన పరాగం గాలిలో లేవదు, కాబట్టి నేలను చీపురుతో ఊడ్చుటకంటె నీళ్ళు చల్లి తుడుచుట మేలు. చరకుడు అణుతైల నస్యాన్ని ప్రావృట్, శరత్, వసంత ఋతువులలో విధించాడు. దానిని వైద్యుని ఎదుటనే ఆరంభించాలి. పరాగసారాన్నే స్వల్పమాత్రలో ఎక్కించి దేహానికి సాత్మ్యం కలిగించే పద్ధతిని 1911లో లండన్ నగరంలో లియొనార్డ్ నూన్ ప్రకటించాడు. అది నేటికీ ఆచరణలో ఉన్నది. ఊపిరి అందక పిల్లికూతలు మొదలైనవానికి మాత్రం ఇంటివైద్యం కాదు, ఆసుపత్రి శరణ్యం. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నగరపు ఔషధవ్యాపారులు గంజాయి చేర్చిన సిగరెట్లను ఉబ్బసానికి మందుగా అమ్మారు. ఆ మొక్క పరాగమే పడనివానికి దాని పొగను ఔషధంగా ఇవ్వడం ఎంతటి విపరీతమో ఆనాడు ఎవరికీ తోచలేదు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి సాగును నిషేధించింది. ఇంటి పెరటిలో పెంచినా పదేండ్ల వరకు కఠినకారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. నారకూ, విత్తనానికీ ప్రభుత్వానుమతితో సాగుచేసే అవకాశం ఆ చట్టంలోనే ఉన్నది. 2018లో ఉత్తరాఖండ్ రాష్ట్రం ఆ మార్గంలో అనుమతి ఇచ్చింది. నార కోసం, విత్తనం కోసం వేసే ఆ చేలలో పోతుమొక్కలను పెరికివేసే నిపుణునికి పని ఉండదు. అవి పుష్పించి తీరుతాయి. ఆ చేలలో దిగే కూలీలకు తడిగుడ్డయినా ముందుగా ఇవ్వవలసి ఉంటుంది.