రాజపాళయం కుక్క: పేరు మనది, బాధ్యతా మనదే

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు తెల్ల కుక్కపిల్ల ఫోటో పెట్టి “మన ఊరి సింహం” అని రాశాడు. చూసి సంతోషించాం, కొంచెం భయం కూడా వేసింది. అందుకే ఈ నాలుగు మాటలు. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

విజయనగర రాజుల కాలంలో ఆంధ్ర దేశం నుండి దక్షిణానికి వచ్చిన రాజులు పడమటి కనుమల కింద స్థిరపడ్డ ఊరు రాజపాళయం. ఇప్పుడు విరుదునగర్ జిల్లా. పాళెం అంటే దండు దిగిన చోటు. ఆ ఊరి రాజుల ఇళ్ళలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరి పేరే ఈ కుక్కకూ వచ్చింది. అడవిపంది వేటకు, తోట కాపలాకు పెంచిన జాతి. 25 నుండి 30 అంగుళాల ఎత్తు, తెల్లని ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు. పాళెగాళ్ళ యుద్ధాలలో తెల్లదొరల గుర్రాల మీదికి ఉరికిందని పెద్దలు చెప్పుకొనేవారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది.

ఇంత గొప్ప కుక్కను మేము చూసింది ఎక్కువగా పార్సెల్ ఆఫీసులోనే. గార్డు పెట్టె పక్కన ఉండే డాగ్ బాక్సుకు రసీదు రాసి పంపేవాళ్ళం. ఏ ఇంటికి పోతుంది, అక్కడ పరుగెత్తడానికి చోటుందా అని ఒక్కనాడూ అడగలేదు.

తరువాత మా ఇంట్లోనూ ఒకటి పెంచాం. పగలంతా మేడ మీద గొలుసుతో కట్టేశాం. ఒకనాడు గొలుసు తెంచుకొని పాలు పోసే కుర్రాణ్ణి కరిచింది. వాడి కాలికి కుట్లు పడ్డాయి. మందుల ఖర్చు మేమే పెట్టుకున్నాం, కానీ వాడు మళ్ళీ మా వీధిలోకి రాలేదు. తప్పు కుక్కది కాదు, మాది. అది ఒక్క యజమాని మాట వినే జాతి, కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వదు. చిన్నప్పటి నుండి మనుషుల్లో తిప్పి అలవాటు చేయాలి. రోజూ పరుగు ఉండాలి. మేము రెండూ చేయలేదు.

ఇంకొక మాట. మచ్చలేని తెలుపే కావాలని పట్టుబట్టడం వల్ల ఈ జాతిలో చెవిటి పిల్లలు పుడుతున్నాయి. చెవిటి కుక్క నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. పిల్లను తెచ్చుకునే ముందు వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన ఏటేటా తప్పకూడదు. వీధిలోకి తీసుకుపోతే బలమైన తాడు, దాన్ని పట్టుకోగలిగిన పెద్దవాళ్ళు ఉండాలి. 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉంటే 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

మన పెద్దలకు తోట ఉంది, కుక్కతో తిరగడానికి పొద్దూ ఉంది. మనకు ఆ రెండూ లేకపోతే ఫోటో చూసి సంతోషిద్దాం. ఉన్నవాళ్ళు గేటు వేసి, బాగా పెంచండి. వచ్చే సమావేశంలో ఈ విషయం ఒక పది నిమిషాలు మాట్లాడుకుందామని మా విన్నపం.