అల్పాయుష్క ప్రవాహముల పద్దులు

హైదరాబాదులోని ఏఎస్ రావు నగర్‌కు పేరైన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును 1969లో నిర్మించి యిచ్చినది. కొలదిపాటి మెమరీలో దేనికి చోటీయవలెనను ఆనాటి ప్రశ్న, మెమరీ సమృద్ధమైన యీ కాలమునను, నెట్‌వర్క్ ప్యాకెట్లను దారిపట్టించు సాఫ్ట్‌వేర్ స్విచ్చుల నిర్మాతలను విడువలేదు.

ప్యాకెట్లు విడివిడిగా గాక రైలుబళ్లవలె వరుసకట్టి వచ్చునని రాజ్ జైన్, షాన్ రౌథియర్ 1986లో నిరూపించిరి. మొదటి ప్యాకెట్టుకు చేసిన నిర్ణయమును పద్దుగా వ్రాసికొని తక్కినవానికి వర్తింపజేయుట దానినుండి సహజముగ వచ్చిన ఉపాయము. స్విచ్చుల పద్దులను బయటినుండి నియంత్రించు 2008 నాటి ఓపెన్‌ఫ్లో ప్రోటోకాల్, ప్రతి పద్దుకును ఆయుఃపరిమితిని విధించు వీలు కల్పించినది. మరుసటి యేట వచ్చిన ఓపెన్ వీస్విచ్ అను సాఫ్ట్‌వేర్ స్విచ్, కెర్నెల్‌లో ఒక్కొక్క కనెక్షనుకు ఒక్కొక్క పద్దు నుంచినది. పెద్ద ఫైలు బదిలీకి ఇది మేలే. కాని ఒక ప్రశ్న, ఒక జవాబుతో ముగియు డీఎన్ఎస్ సంభాషణకు, వ్రాసిన పద్దు వ్రాసిన క్షణముననే నిరుపయోగమగుచుండెను. పోర్టుల నన్నిటిని తడిమి చూచు దుండగుడు వచ్చెనా, పట్టిక యెల్ల మృతప్రాయమైన పద్దులతో నిండును. లినక్స్ తన రూటింగ్ క్యాష్‌ను 2012లో 3.6 వెర్షనున తీసివేయుటకు ఇట్టి బలహీనతయే కారణము.

2013లో ఓపెన్ వీస్విచ్‌లో మెగాఫ్లో పద్ధతి వచ్చి, నిర్ణయమునకు పనికిరాని అంశములను విడిచిపెట్టి, ఒకే పద్దు అనేక కనెక్షన్లకు చాలునట్లు చేసినది. అయినను తొలగింపు తప్పలేదు. మామూలుగా పది సెకన్లు నిశ్చలముగ నున్న పద్దు పోవును. పద్దులు రెండు లక్షల పరిమితిని దాటినచో ఆ గడువు 100 మిల్లీసెకన్లకు కుంచించుకొనును. పరిమితికి రెట్టింపైనచో పట్టిక మొత్తము తుడిచివేయబడును. పట్టికను ఒకమారు చదువుటకు రెండు సెకన్లు మించెనేని ఆ పరిమితియు దానంతట అదే తగ్గును.

కెర్నెల్ వెలుపలనే ప్యాకెట్లను నడుపు డీపీడీకే లైబ్రరీతో నడచు ఓపెన్ వీస్విచ్‌నందు, మెగాఫ్లోలకు ముందు వెదకబడు 8192 పద్దుల చిన్న క్యాష్ ఒకటి కలదు. క్షణికప్రవాహములు వరదగా వచ్చినప్పుడు క్రొత్త పద్దులు ఉపయుక్తమైన పాతవానిని త్రోసివేయుచుండగా, 2017లో ఒక మార్పు చేసిరి: ప్రతిదానిని చేర్చక, సగటున నూటికొక ప్యాకెట్టుకే పద్దు వ్రాయుట. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ముగ్ధుని జేసిన ఘట్టమిది. ఏలయన ప్రవాహపు ఆయువును ముందుగ ఊహింపబూనక, ఆ విషయమును లెక్కకే విడిచిపెట్టిరి. మూడు ప్యాకెట్లతో ముగియు ప్రవాహము పట్టికకెక్కు అవకాశము నూటికి మూడుపాళ్లు మాత్రమే. నూరు ప్యాకెట్లదానికి నూటికి అరువదిమూడు. వేలకొలది ప్యాకెట్లుగలది దాదాపు నిశ్చయముగ ఎక్కును.