శరీరంలో నీరు, లవణాల సమతుల్యత

శరీరంలో నీరు, లవణాల సమతుల్యత అనగా శరీర ద్రవాల పరిమాణం, వాటిలో కరిగి ఉన్న లవణాల గాఢత నిర్ణీత పరిమితులు దాటకుండా నిలిచి ఉండే స్థితి. నీటిలో కరిగి సోడియం, పొటాషియం, క్లోరైడ్ వంటి విద్యుదావేశం గల అయాన్లను ఇచ్చే లవణాలను ఎలక్ట్రొలైట్లు అంటారు. చెమటలోను, విరేచనాలలోను నీటితో పాటు ఇవి కూడా పోతాయి. అందువల్ల నష్టం ఎక్కువగా ఉన్నప్పుడు మంచినీటితో మాత్రమే దానిని పూరించలేము.

ద్రవాల పంపిణీ

వయోజన పురుషుల బరువులో సుమారు 60 శాతం, స్త్రీల బరువులో సుమారు 50 శాతం నీరే. కొవ్వులో నీరు తక్కువ కావడమే ఈ తేడాకు ముఖ్య కారణం. అప్పుడే పుట్టిన శిశువులో ఇది 75 శాతం వరకు ఉంటుంది. 70 కిలోల పురుషుని దేహంలోని సుమారు 42 లీటర్ల నీటిలో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు కణాల వెలుపల ఉంటాయి. రక్తంలోని ప్లాస్మా వాటా దాదాపు 3 లీటర్లే.

కణం లోపల పొటాషియం, వెలుపల సోడియం అధికం. కణత్వచంలోని సోడియం-పొటాషియం పంపు ప్రతిసారీ 3 సోడియం అయాన్లను బయటకు నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకొని ఈ తేడాను నిలుపుతుంది. దీనికి కావలసిన శక్తి ఏటీపీ నుండి లభిస్తుంది. (ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) నీటికి ఇటువంటి పంపు లేదు. లవణ గాఢత ఎక్కువగా ఉన్న వైపుకు అది ద్రవాభిసరణం ద్వారా చేరుతుంది.

నియంత్రణ

ప్లాస్మాలో సోడియం లీటరుకు 135 నుండి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. గాఢత కొద్దిగా పెరిగినా మెదడులోని హైపోథలామస్ దానిని పసిగడుతుంది. అప్పుడు దాహం వేస్తుంది. పీయూష గ్రంధి నుండి వాసోప్రెసిన్ విడుదలై మూత్రపిండాలు నీటిని నిలుపుకుంటాయి. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో 99 శాతం పైగా తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఆల్డోస్టిరోన్ అనే హార్మోను సోడియంను నిలిపి, పొటాషియంను మూత్రంలోకి పంపుతుంది.

సోడియం బాగా తగ్గితే నీరు మెదడు కణాలలోకి చేరి అవి ఉబ్బుతాయి; తలనొప్పి, తికమక, ఫిట్స్ కలుగుతాయి. గంటల తరబడి పరుగెత్తుతూ అతిగా మంచినీరు త్రాగిన మారథాన్ క్రీడాకారులలో మరణాలు కూడా సంభవించాయి. పొటాషియం హెచ్చుతగ్గులు గుండె లయను చెడగొడతాయి.

అతిసారం, ఓఆర్‌ఎస్

తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు వరకు ద్రవం పోవచ్చు. అయితే ఆ స్థితిలో కూడా చిన్నప్రేగు గోడలోని ఒక వాహకం గ్లూకోజును, సోడియంను జతగా లోపలికి తీసుకుంటూనే ఉంటుంది. వాటి వెంట నీరు వస్తుంది. ఈ జత రవాణాను 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా వ్యాపించి, సెలైన్ నిల్వలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే త్రాగించింది. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ లభించింది.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన మిశ్రమంలో లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం, అంతే గ్లూకోజు ఉంటాయి. ఈ నిష్పత్తి ముఖ్యం. చక్కెర ఎక్కువైతే అది ప్రేగులోకే నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం మెండుగా ఉన్నా సోడియం తక్కువ. చక్కెర పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడంపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి అనుగుణంగా లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.