ఒమాను వెండి నగలు – మన అవ్వల కాసులు

ఒమాను దేశంలో, మస్కట్ నగరానికి వాయవ్యంగా సుమారు 130 కిలోమీటర్ల దూరాన, సముద్రతీరంలో అల్ సువైక్ అనే ఊరున్నది. ఖర్జూరపు తోటల నడుమ అక్కడి పాత కోటను మేము చూచాము. కోట గోడలు పాలకుల చరిత్రను, యుద్ధాల చరిత్రను చెబుతాయి. ఆ దేశపు ఇండ్ల చరిత్ర తెలియాలంటే మస్కట్‌కు పోవలసిందే.

పాత మస్కట్‌లో బైత్ అల్ జుబైర్ అనే గొప్ప భవనమున్నది. ‘బైత్’ అంటే ఇల్లు. దానిని 1914లో షేక్ అల్ జుబైర్ బిన్ అలీ కట్టించారు. ఆయన కుటుంబంవారు తమ సేకరణతో 1998లో ఆ ఇంటిని ప్రదర్శనశాలగా తెరిచారు. ఖంజర్ అనే వంపు బాకులు, పాత తుపాకులు, వస్త్రాలు, వంటపాత్రలు అందులో ఉన్నాయి. మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం స్త్రీల వెండి నగలు. మన తాయెత్తువలె, పవిత్ర వాక్యాలు రాసిన కాగితాన్ని దాచుకొనే వెండి పెట్టె గల హారాన్ని వారు ‘హిర్జ్’ అంటారు.

ఈ వెండి ఎక్కడిది? చాలామట్టుకు నాణేలను కరిగించినదే. ఆస్ట్రియా రాణి మరియా థెరెసా 1780లో మరణించారు. ఆ సంవత్సరమే అచ్చువేసిన ఆమె వెండి నాణెం తరువాత కూడా తయారవుతూ, అరబ్బు దేశాలలో 20వ శతాబ్దం వరకు చెలామణి అయింది. కంసాలులు దానిని కరిగించి నగలు చేశారు. నగ స్త్రీకి అలంకారమే కాదు, కష్టకాలానికి ఆధారం కూడా. ఆమె చనిపోయిన తరువాత ఆ నగలను కరిగించే ఆచారం ఉండేది. అందువలన చాలా నగలు మిగలలేదు. మిగిలినవాటిలోనూ కంసాలి పేరు తెలిసినవి అరుదు.

పాఠకులారా, ఈ కథ మనకు కొత్తది కాదు. 1834 నుండి మారిషస్‌కు వచ్చిన ఒప్పందపు కూలీలలో మగవానికి నెలకు 5 రూపాయల జీతం. ఒక్కరోజు పనికి పోకపోతే రెండురోజుల కూలి కోసేవారు. కోరంగి, విశాఖపట్నం రేవులు దాటి వచ్చిన మన అవ్వలు ఆ కొద్ది సొమ్ములోనే మిగిల్చి వెండి కడియాలు, కాసుల పేర్లు చేయించుకున్నారు. బ్యాంకు వారికి తెలియదు. మెడలోని కాసులే వారి బ్యాంకు. పెండ్లికి, జబ్బుకు, గజం నేల కొనడానికి ఆ కాసులే కరిగాయి. మన చదువులు కూడా వాటిలోనుండే వచ్చాయి.

చెరకు తోటల యజమానుల మేడలు నేటికీ నిలిచి ఉన్నాయి. వారి బల్లలు, పింగాణీ, చిత్రపటాలు భద్రంగా ఉన్నాయి. ఆ సంపదను పండించినవారి వస్తువులు మాత్రం ఎక్కడో ఒక పెట్టె అడుగున, బట్టలో చుట్టి ఉన్నాయి.

షేక్ గారి కుటుంబానికి భవనమున్నది. మనకు అంత పెద్ద ఇల్లు అక్కరలేదు. ఒక కడియం మిగిలితే, అది ఎవరు తొడిగినది, ఏ తోటలో పనిచేసిన చేయి అని ఒక కాగితం మీద తెలుగులో రాసి దానితో ఉంచుదాము. ఇంటిలోని పెద్దలు ఉండగానే అడగాలి. పేరు లేని నగ రేపు వట్టి వెండి అవుతుంది. వెండికి తూకమే గాని చరిత్ర ఉండదు.